దుప్పట్ల మధ్య ఐదో సంపుటం

నేను ఒక పెద్ద నవలకు ఐదో సంపుటాన్ని, చివరిదాన్ని. నాకు ముందు నాలుగు సంపుటాలున్నాయి. మా అందరి పేరూ ఒకటే, ‘మంచుదివిటీ’. విజయవాడలో ఒక ఇరుకు ప్రెస్సులో అచ్చయ్యాను. మమ్మల్ని రాసినాయన మాయారాజ్యాలు, ఎగిరే గుర్రాలు ఎన్నో కల్పించాడు గాని, పాఠకులు ప్రాణం పెట్టుకున్నది ఇరవణి అనే అమ్మాయి మీద. ఆమెకు కత్తి పట్టడం రాదు. భయమేస్తే అబద్ధమాడుతుంది, ఆ తర్వాత కుమిలిపోతుంది. అయినా మంచుకొండల మీద దివిటీ ఆరిపోకుండా మోసేది ఆమే. నేను వచ్చిన ఏడాదికే ప్రచురణకర్త దుకాణం మూసేశాడు. కొనాల్సినప్పుడు వెనకాడి, దొరకనప్పుడు ఊరూరా వెతకడం మనుషులకు అలవాటు.

పార్వతీపురంలో ఒక చిన్న గ్రంథాలయానికి మా ఐదు సంపుటాలూ చేరాయి. చాలాకాలం మమ్మల్ని దుమ్ము తప్ప ఎవరూ తాకలేదు. ఆ తర్వాత ఇద్దరు వచ్చారు.

ఒకామె హైమావతి. రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. భీమవరం నుంచి ఉద్యోగం మీద వచ్చింది, ఊళ్ళో ఎవరూ తెలియదు. మొదటి సంపుటం చదివాక ఇరవణి తెలిసింది. రెండో ఆయన సూరన్న, రిటైరైన రైల్వే గేట్‌మన్. రెండు బళ్ళ మధ్య ఖాళీలో గేటు దగ్గర కూర్చుని ముప్పై ఏళ్ళు పుస్తకాలు చదివినవాడు. హైమావతి ఒక సంపుటం చదివి ఇవ్వడం, ఆయన తీసుకోవడం, ఇద్దరూ గ్రంథాలయం వరండాలో కూర్చుని ఇరవణి గురించి తగువులాడుకోవడం. పక్కింటి పిల్ల గురించి మాట్లాడుకున్నట్టే ఉండేది.

“ఆ పిల్ల తమ్ముడితో నిజం సెప్పీసుంటే ఇంత రాద్దాంతమే లేదు,” అనేవాడు సూరన్న.

“చెప్పడం అంత తేలికా బాబాయ్? ఆమె స్థానంలో మీరుంటే తెలిసేది,” అనేది హైమావతి.

మాఘమాసంలో ఆమె నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. నాలుగు రోజుల్లో చదివింది. నా నాలుగు వందల పన్నెండో పేజీలో ఇరవణి చనిపోతుంది. ఆ పేజీ మీద హైమావతి కన్నీళ్ళు పడి కాగితం ఉబ్బింది. నన్ను మూసి, బీరువాలో దుప్పట్ల మధ్య పెట్టింది. మర్నాడు గ్రంథాలయానికి వెళ్ళి, పుస్తకం బస్సులో పోగొట్టుకున్నానని చెప్పిందట. ఆ సంగతి ఆమె నోట నేను తర్వాత విన్నాను.

ఆదివారాల్లో నన్ను తీసి మళ్ళీ మొదటినుంచి కొంచెం కొంచెంగా చదివేది. ఇరవణి చివరి కొండ ఎక్కే ముందు చదవడం ఆపేసేది. ఆ తర్వాతి ముప్పై పేజీలు మళ్ళీ తిప్పలేదు. అలా ఆమె బీరువాలో ఇరవణి బతికే ఉంది. ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి. ఆ దుప్పట్ల మధ్య నాకు సుఖంగానే ఉండేది. ఒక్క మనిషి నన్ను అంతగా ప్రేమిస్తుంటే, బయట ఇంకొకరు నా కోసం ఎదురుచూస్తున్నారన్న ఆలోచనే నాకు రాలేదు.

సూరన్న ఆమెను రెండుసార్లు అడిగాడట, “పోతే పోయిందిలే, ఆకర్న ఏటైందో సెప్పీ తల్లీ,” అని. తానూ పూర్తి చెయ్యలేదని ఆమె అబద్ధమాడింది.

శ్రావణంలో ఒకరోజు హైమావతి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా బీరువా తెరిచింది. సూరన్నకు కళ్ళలో నీటికాసులని, చూపు పూర్తిగా పోయిందని గ్రంథాలయంలో ఎవరో చెప్పారట. నన్ను సంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి నడిచింది.

“ఐదోది దొరికింది బాబాయ్. నేను చదివి వినిపిస్తాను.”

ఆయన మొహం వెలిగిపోయింది. “ఎక్కడ దొరికిందమ్మా?”

“విశాఖలో, పాత పుస్తకాల కొట్లో.”

ఆయన నన్ను రెండు చేతులతో అందుకుని అట్ట తడిమి, తెరిచాడు. నా మొదటి పేజీ మీద గ్రంథాలయం ముద్ర ఊదారంగులో స్పష్టంగా ఉంది. ఆయన బొటనవేలు సరిగ్గా దాని మీద నుంచే వెళ్ళింది. నాకు నోరుంటే అప్పుడే చెప్పేసేదాన్ని.

పదకొండు సాయంత్రాలు చదివింది. పన్నెండో సాయంత్రం చివరి కొండ దగ్గర ఆమె చదవడం ఆపేసింది.

“ఆగేవంటే పోతాదన్నమాట,” అన్నాడు సూరన్న మెల్లగా. “సదువమ్మా. ఎలాగ పోయిందో తెలవాల గదా.”

“నేను దీన్ని ఎక్కడా కొనలేదు బాబాయ్. బస్సులో పోలేదు కూడా. ఇన్నాళ్ళూ నా బీరువాలోనే ఉంది. ఆమె చనిపోతుందని మీకు చెప్పలేక, తిరిగివ్వలేక దాచేశాను.”

వీధిలో కూరగాయల బండి వెళ్ళిపోయింది.

“మాగమాసంలో నాకింకా అచ్చరాలు అగుపించేవమ్మా,” అన్నాడు.

కేక వేసి ఉంటే ఆమె తట్టుకునేదేమో. ఆ ఒక్క మాటకు ఏడ్చేసింది. ఆయన ఓదార్చలేదు. కాసేపటికి, “సదువు,” అన్నాడు. ఆమె ఏడుస్తూనే చివరి పేజీ దాకా చదివింది. ఆయన కళ్ళనుంచి కూడా నీళ్ళు కారాయి. ఏ దుఃఖానికో నాకు తెలియదు.

“రేపు దాన్ని ఇచ్చీసి రా. ఇంకెవులో సూస్తుంటారు,” అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె నన్ను గ్రంథాలయాధికారి ముందు పెట్టి, జరిగిందంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు. ఆమె కార్డు రద్దు చేశాడు.

ఆ తర్వాతి గురువారం మధ్యాహ్నం హైమావతి సూరన్న చెయ్యి పట్టుకుని గ్రంథాలయం మెట్లెక్కించింది. ఆయన తన కార్డు మీద మొదటి సంపుటం అడిగాడు.

“ఈపాలి మొదట్నించీ నువ్వు సదువు, నానింటాను,” అన్నాడు వరండాలో కూర్చుంటూ.

క్షమించానని ఆయన ఇంతవరకు అనలేదు. ఆమె అడగనూ లేదు. ప్రతి గురువారం వస్తారు. కిటికీలోంచి ఆమె గొంతు నాకు వినిపిస్తుంది. ఇప్పుడు రెండో సంపుటం సగంలో ఉన్నారు. నా దాకా రావడానికి ఏడాది పట్టొచ్చు. ఈసారి నేను అరలోనే ఉంటాను.