నాలుగు రంగులు

పంతొమ్మిది వందల ఎనభై రెండు ఎండాకాలం. కొత్తవాడలో మా అత్త నర్సవ్వ కాళ్లు పడిపోయి మంచం పట్టి మూడు నెలలైంది. నడుము కింద పుండు పడింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఒక వైద్యం చెప్పిపోయారు. ఆడబిడ్డ తేనె పూయమంది. పక్కింటాయన బల్బు వేడి పట్టమన్నాడు. మా ఆయన ఓదెలు గుడ్లు, టానిక్ సీసా తెచ్చాడు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని దవాఖాన నర్సమ్మ చెప్పిన మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. ఒక్కదాన్నే తిప్పుదామంటే నా బలం చాలదు.

"అన్నీ తెస్తి గద, ఇంకేం గావాలె?" అన్నాడు ఓదెలు, మగ్గం మీంచి లేవకుండానే.

"నీ చేతులు గావాలె. జర లేచి అవ్వను పట్టు."

"రేపు జంపఖానా ఇయ్యాలె. ఈ ఎర్ర పట్టీ అయిపోనీ."

ఎరుపు అయిపోయింది. లేవలేదు. నీలం నూలు అందుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచేలోపే, మగ్గానికి ఎదురుగా మంచంలో ఉన్న అత్త గొంతు వినిపించింది.

"పొద్దటిసంది నాలుగు రంగులు మార్చినవ్, కొడుకా. నన్ను ఒక్కపారన్న తిప్పకపోతివి."