ఒక్క కిక్కుకే

బండి చల్లబడి ఉన్నప్పుడు తొందరపడకూడదు. ముందు పెట్రోలు ట్యాపు తిప్పాలి. కార్బురేటర్ పక్కనున్న చిన్న బొడిపెను నొక్కి పట్టుకుంటే పెట్రోలు పొంగి వేలికి తగులుతుంది. అప్పుడు చోక్ వేయాలి. తాళం తిప్పకుండానే రెండుసార్లు మెల్లగా తొక్కి, ఇంజనుకు ఊపిరి అందిందని పాదానికి తెలిశాక, తాళం తిప్పి ఒక్క కిక్కు కొట్టాలి. దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న మా ఇంట్లో, పెళ్లయిన ఎనిమిదేళ్లుగా, చలికాలం పొద్దున నా మొదటి పని ఇది. పొయ్యి రెండోది.

"ఇస్త్రీ చొక్కాకి చెమట పడుతుంది, నువ్వు కొట్టు" అని మా ఆయన వెంకటరామారావు మొదటి చలికాలంలోనే అన్నాడు. ఒకసారి కిక్కు రాడ్డు వెనక్కి తన్ని ముంగాలు చీరుకుపోతే, పసుపు అద్దుకుంటున్న నన్ను చూసి, "దాని మీద కోపం చూపించావా ఏంది? ముద్దుగా కొట్టాలి" అని నవ్వాడు. హోటల్ దగ్గర స్నేహితులతో మాత్రం "నా బండి ఎంత చలిలోనైనా ఒక్క కిక్కుకే" అనేవాడట. ఆ మాటలో నేను ఎక్కడున్నానా అని చాలాకాలం వెతుక్కున్నాను.

కార్తీకంలో ఆయన భద్రాచలం బస్సెక్కి వెళ్లిపోయాడు. దిండు కింద చీటీ, చీటీ మీద బండి తాళం. "ఇక రాను. వెతకొద్దు." మా అత్తగారు పద్మావతమ్మ ఆ చీటీని పొయ్యిలో వేసి, అది పూర్తిగా బూడిదయ్యేదాకా చూసింది.

"రేపు కూడా బండి మోగాలమ్మాయ్" అంది. "ఆ మోత వినే పనోళ్లు చేలోకి దిగుతారు. వీడు లేడని తెలిసిన రోజున వైరా నుంచి పెద్దోడు దిగుతాడు. పొలం వాడికి పోద్ది. నువ్వు పుట్టింటికి, నేను వాడి పెళ్లాం వంటింటికి."

ఆమె భయం అబద్ధం కాదు. బావగారు పిచ్చయ్య లెక్కలో మేమిద్దరం తమ్ముడి ఇంట్లో సామాను. అందుకే ఒప్పుకున్నాను. తెల్లవారకముందే షెడ్డులోకి వెళ్లి, తలుపులు దగ్గరికి వేసి, కిక్కు కొట్టేదాన్ని. ఇంజను వేడెక్కాక, బండి మంచులో దూరమైపోతున్నట్టు వినిపించేలా యాక్సిలేటర్ మెల్లమెల్లగా తగ్గించి ఆపేసేదాన్ని. చక్రం ఒక్కసారి కూడా కదల్లేదు.

పదిరోజులయ్యాక, మా చేలో పనిచేసే రామక్క వడ్లు చెరుగుతూ, "అయ్య పొద్దుగాల వాగు కాడ కనవడ్డడు" అంది. "మంచుల పోతుండు. పలకరిస్తే తలకాయ ఊపిండు."

నా చేతిలో చేట ఆగిపోయింది. "మొహం చూశావా?"

"అవ్, చూడకేం. జరంత బక్కవడ్డడు. తిండి వెడతలేవా ఏంది?"

తర్వాత కిరాణా కొట్టు తుల్సీరాం కూడా చూశాడు. నీలం స్వెటర్ వేసుకున్నాడని చెప్పాడు. ఆ స్వెటర్ మా పెట్టెలో ఉంది. తీసి చూస్తే భుజాల దగ్గర తడిగా తగిలింది. చలికాలంలో పెట్టెలో బట్టలన్నీ అలాగే ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. మిగతా బట్టలు ముట్టుకుని చూడలేదు.

అత్తగారు రోజూ రెండో గ్లాసు కాఫీ కలిపి అరుగు మీద కుర్చీ పక్కన పెట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి ఖాళీ గ్లాసు తెచ్చి నాకిచ్చి, "తాగి పోయాడు" అనేది. వీధి కోసం నాటకమాడుతోంది అనుకున్నాను. ఆమె కళ్లు చూశాక అనుకోలేకపోయాను. ఆ గ్లాసు కడిగేది మాత్రం నేనే.

షెడ్డులో ఖాళీ కిక్కులకూ అసలు కిక్కుకూ మధ్య ఒక నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో నా వెనక ఎవరో ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడి ఎదురుచూస్తున్నట్టు ఉండేది. తిరిగి చూసేదాన్ని కాదు. అక్కడ ఆయన ఉంటాడన్నది కాదు నా భయం. ఆయన్ని రోజూ నా కాలితో నేనే పుట్టిస్తున్నాను. ముంగాలి నొప్పి నాది, పిక్కలో తీపు నాది, అందులోంచి లేచి మంచులో నడిచి వెళ్లి ఊళ్లోవాళ్లకు తల ఊపే మనిషి మాత్రం ఆయన. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇంతే కదా అని ఒకనాటి పొద్దున తోచింది. తోచాక కిక్కు మీద పెట్టిన పాదం చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

పుష్యమాసంలో బావి దగ్గర రామక్క నన్ను చూసి ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చినవమ్మా?"

"ఎక్కడికి పోయాను?"

"పుట్టింటికి పోయినవనుకున్న. అయ్యనేమో దినాం చూస్తున్న. నువ్వే కనవడక నెలాయె."

ఆ నెలంతా మధ్యాహ్నం ఆమె గిన్నెలో మజ్జిగ పోసింది నేనే.

మర్నాడు తెల్లవారుజామున షెడ్డులోకి వెళ్లలేదు. మంచు విడిచి ఎండ వచ్చేసరికి పనివాళ్లు మా అరుగు ముందు చేరారు. మోత వినపడకపోతే వాళ్లు మడిలోకి దిగరు. నేను షెడ్డు తలుపులు బార్లా తీసి, బండిని వీధి మధ్యకు తోసుకొచ్చి స్టాండ్ వేశాను. కుచ్చిళ్లు దోపుకున్నాను. మొదటి కిక్కుకు అందుకోలేదు. రెండోదానికీ లేదు. ఎవరూ నవ్వలేదు. మూడోదానికి మోగింది.

అందరికంటే ముందు నిలబడ్డ సోమ్లా నా భుజం మీదుగా ఇంటి వైపు చూశాడు. "అయ్య ఏడమ్మా?"

"కార్తీకంలోనే వెళ్లిపోయాడు. రాడు. ఈ బండి అప్పట్నుంచి షెడ్డు దాటలేదు. వైరా వెళ్లి మా బావగారికి కూడా నేనే చెప్తాను. చేను వదిలి పోనని కూడా చెప్తాను. ఇవాళ వాగు పక్క మడిలో దిగండి."

"నేను నిన్న గూడ చూస్తినమ్మా" అంది రామక్క, చాలా మెల్లగా.

అత్తగారు అరుగు మీదికి వచ్చింది. "దానికి మతి తప్పింది, వినకండి" అని వాళ్లతో అని, లోపలికి తిరిగి, "ఒరేయ్ వెంకటరామా, ఓసారి బయటికి రారా" అని పిలిచింది.

నేను ఇంజను ఆపేశాను. ఆమె పిలుపు గదులన్నీ తిరిగింది. ఎవరూ రాలేదు. అలా రాకపోవడాన్ని వీధంతా నిలబడి చూసింది.