పాట తప్ప అన్నీ

మా చర్చి సంఘంలో మంచాన పడ్డవాళ్ళను చూసుకోవడానికి ఆడవాళ్ళం చీటీలు తీస్తాం. ఎవరి పేరు వస్తే వాళ్ళ ఇంటికి వారానికోసారి వెళ్ళి ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, గోళ్ళు తీసి, చివర్లో ఒక పాట పాడి రావాలి. ఈసారి నా చీటీలో శ్రుతిపెట్టె వచ్చింది.

ఆ పేరు అమ్మా నేనూ చాటుగా పెట్టుకున్నది. ఆవిడ ముప్పయ్యేళ్ళు మా పాటల బృందానికి పెద్ద. అమ్మ అందులో రెండో గొంతు, పై గొంతుకు కింద తోడు పాడేది. గొంతులో గడ్డ లేచి అమ్మ ఎనిమిది నెలలు సాధనకు వెళ్ళలేకపోతే ఆవిడ బృందంలోంచి అమ్మ పేరు కొట్టేసింది. అమ్మ పోయిన రోజు సమాధి దగ్గర పాడమని బతిమాలితే, "బృందంలో లేనివాళ్ళకి బృందం పాడదమ్మా," అంది. శవపెట్టె మీద మట్టి పడ్డ చప్పుడు తప్ప ఆ రోజు నాకేమీ వినిపించలేదు. పదకొండేళ్ళయింది.

పాస్టరమ్మ చీటీ చూసి నా చెవిలో, "మార్చెయ్యనా?" అంది.

"వద్దండి. నేనే చూసుకుంటాను."

నా సంచీలో తువ్వాళ్ళు, నెయిల్ కట్టర్ చూసి మా ఆయన, "సేవకా, యుద్ధానికా?" అన్నాడు.

"ముందు సేవ," అన్నాను.

ఎవరూ వేలెత్తి చూపలేనంత బాగా చేస్తాను. పాట మాత్రం పాడను. అదీ నా పంతం.

మొదటి వారం ఆవిడ వీపు మీద ఎర్రబడ్డ చోట తడిగుడ్డతో మెత్తగా అద్ది, దుప్పటి ముడత లేకుండా లాగి కట్టాను. సంచీ భుజాన వేసుకోగానే, "మరి పాట?" అంది.

"గొంతు బాగాలేదండి."

అమ్మ ఆవిడకు పంపిన కబురు కూడా అచ్చంగా అదే. మెట్లు దిగుతుంటే కడుపు నిండినట్టు అనిపించింది. రెండో వారమూ అదే చెప్పాను.

మూడో వారం గోళ్ళు తీస్తుండగా ఆవిడే అంది. "నీ గొంతుకేం కాలేదు. ఇందాక మెట్ల మీద పక్కింటావిడతో గలగలా మాట్లాడావు. నా కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు."

నేను ఇంకో వేలు పట్టుకున్నాను.

"మీ అమ్మా అలాగే చెప్పి పంపింది. నా మీద అలిగి సాకు చెబుతోందనుకున్నాను."

"నిజమేమిటో అమ్మ పోయిన రోజు తెలిసిందిగా."

"అప్పటికే పేరు కొట్టేశాను. ఆ పంతంలో నోరు జారింది."

"వెనక్కి తీసుకోవచ్చుగా."

"నేనా? ముప్పయ్యేళ్ళలో ఒక్క తప్పూ ఒప్పుకున్నదాన్ని కాదమ్మా."

తప్పేనన్న ఈ మాట కోసమే పదకొండేళ్ళు కాచుకున్నాను. తీరా విన్నాక చాలలేదు. కట్టర్ పక్కన పెట్టి, ఆవిడ ముఖంలోకి చూస్తూ పాట ఎత్తుకున్నాను. నాకు వచ్చింది అమ్మ నేర్పిన రెండో గొంతు ఒక్కటే. పై గొంతు తోడు లేక అది కుంటుతూ నడిచింది.

మొదటి చరణంలోనే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "ఇది సమాధి పాట."

"మా అమ్మది. నాలుగు చరణాలూ వింటారు."

"అయితే నన్ను లేపి కూర్చోబెట్టు. సమాధి పాట పడుకుని పాడరు."

వీపు కింద చెయ్యి వేసి లేపాను. దిండు సరిపోక చెయ్యి అక్కడే ఉంచాను. ఆవిడ పై గొంతు అందుకుంది. గొంతు బీటలు వారింది గానీ శ్రుతి తప్పలేదు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు నా అరచేతికి తగులుతున్నాయి.

రెండో చరణంలో నేను ముందుకు పరుగెత్తాను. అప్పుడే గోరు తీసిన వేలితో ఆవిడ నా మణికట్టు మీద తట్టింది.

"తొందరపడకు. మీ అమ్మ ఇక్కడ ఆగేది."

ఆగాను. చెయ్యి తిమ్మిరెక్కింది, అయినా నాలుగో చరణం అయ్యేదాకా తీయలేదు.