కాన్వెంట్ దూలాలు

పాత ఇల్లు కనబడితే, విప్పితే ఏమేం వస్తాయో లెక్క కట్టడం నా వృత్తి. సాలూరులో పాత తలుపులు, దూలాలు, బెంగుళూరు పెంకులు కొని అమ్ముతాను.

అరకు దారిలో ఒక సంత ఊరుంది. అక్కడి చర్చి సిస్టర్లు కొండ దిగిపోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళు కాపురమున్న కాన్వెంట్‌ను విప్పించే ఆలోచనతో ఆ చర్చి బర్నబా ఫాదర్ నన్ను పిలిచారు. గురువారం ఉదయం వెళ్ళాను.

"పట్నం నుంచి ఎవరో వచ్చారండి. హెరిటేజ్ విలువ చాలా ఉందన్నారు. కమానుల ముందు ఫోటోలు దిగారు. రిపేరు సంగతి ఎత్తాక ఫోన్ ఎత్తడం లేదు," అని నవ్వారాయన. "కలప ఎలా ఉంది?"

వరండా దూలాల వైపు తలెత్తి చూసి పెదవి విరిచాను.

"చెద పట్టేసింది ఫాదర్."

ఏ ఇంటికి వెళ్ళినా నా మొదటి మాట అదే. అమ్మేవాడు కాదంటాడు, అక్కడి నుంచి బేరం నడుస్తుంది. ఆ మాటని ఎవరూ నిజమనుకోరు.

ఫాదర్ మాత్రం నిజమే అనుకున్నారు. "అయ్యో, ఇవాళ రాత్రి ఈ వరండాలో జనం పడుకుంటారే!" అని అప్పటికప్పుడే చర్చి పైవాళ్ళకి ఫోన్ చేసి, విప్పించేద్దామని చెప్పేశారు. గేటుకి తాళం వేయించారు.

శుక్రవారం అక్కడ సంత. పై ఊళ్ళ ఆడవాళ్ళు చింతపండు, పసుపు, అడ్డాకులు మోసుకుని ముందురోజే దిగుతారు. వండుకుని ఆ వరండాలోనే పడుకుంటారు. సిస్టర్లు ఉన్నప్పుడు మొదలైన అలవాటు. అప్పట్లో సిస్టర్లకి వంట చేసిన అంతోనమ్మే ఇప్పటికీ వీళ్ళకి పొయ్యి వెలిగిస్తుంది. తాళం చూసి ఆమె పరుగున వచ్చింది.

"ఇదేటి ఫాదరూ? మబ్బు సూడండి. ఆడోళ్ళు బరువులతో దిగుతన్నారు. ఎక్కడ తొంగుంటారు?"

"దూలాలకి చెదలమ్మా. మీద పడితే?"

"సెదలా? ఈ బాబుకి కనపడ్డాయేటి? ఇన్నేళ్ళలో మాకు కనపడనేదు."

 బేరం అంత తేలిగ్గా నాకు ఎప్పుడూ కుదరలేదు. కొలతలు తీసుకుందామని నిచ్చెన ఎక్కాను.

దూలం మీద వేసిన చెయ్యి నల్లగా వచ్చింది. అంతా మసి. మేకు పెట్టి సుత్తితో కొట్టాను. మేకు వంగింది. పక్క దూలానికీ అంతే.

ఖాళీ ఇల్లు ఈ కొండల వానకి ఇలా నిలవదు. అలాంటివి ఎన్నో విప్పాను, నాకు తెలుసు. కిందకి చూస్తే గోడ వారన మూడేసి రాళ్ళ పొయ్యిలు వరసగా ఉన్నాయి. వారం వారం ఆ పొగే పట్టి దూలాలకి చెద రాకుండా కాస్తోంది. పెంకు జారితే కింద పడుకునేవాళ్ళే తడుస్తారు కాబట్టి వాళ్ళే ఎక్కి సర్దుతున్నారు. నా లెక్కలో ఇల్లు ఒక పద్దు, మనుషులు ఇంకో పద్దు. ఇక్కడ మాత్రం విడదీయలేకపోయాను. నేను కొనబోతున్న సరుకును ఇంత మంచిగా ఉంచింది వాళ్ళే.

చినుకులు మొదలయ్యాయి. ఆడవాళ్ళు గేటు బయట బరువులు దించి, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని కూర్చున్నారు.

"అత్తా, మరింక ఈ ఊరు సంతకి రావద్దా?" అని ఒకామె అంతోనమ్మని అడుగుతోంది.

నేను కిందికి దిగి, వంగిన మేకు ఫాదర్ చేతిలో పెట్టాను.

"చెద లేదు ఫాదర్."

"మరి పొద్దున?"

"అది బేరం మాట. మీరు తాళం వేస్తారనుకోలేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. పైవాళ్ళకి మళ్ళీ ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. "మీరే చెప్పండి," అన్నారు.

అమ్మేవాళ్ళతో నా జన్మలో అనని మాట అన్నాను.

"సరుకు చాలా గట్టిది. అమ్మకండి."

విప్పడం ఇప్పటికి ఆపమంది అవతలి గొంతు. ఫాదర్ తాళం తీశారు.

"సెదలు దూలానికి కాదర్రా, ఈ బాబు నాలిక్కి!" అంది అంతోనమ్మ. బరువులు ఎత్తుకుంటున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వక తప్పలేదు.

పొయ్యిలు రాజుకున్నాయి. వెనక గది పైకప్పు సగం ఖాళీగా ఉండటం నిచ్చెన మీద నుంచే చూశాను.

"ఆ గదికి పెంకులు కావాలి ఫాదర్. నా దగ్గరున్నాయి."

"బాగుంటాయా?" అని అడిగారాయన, మేకు ఇంకా చేతిలోనే ఉంది.

"ముందు ఒకటి తెస్తాను. మీరే కొట్టి చూసుకోండి," అన్నాను.