తెల్లబడ్డ వాగు

“నా యంత్రం ఒక్క గంట ఆగిందని చూపించు, మీసం తీసేస్తా!” అని పక్కింటి గున్నెల్‌తో పందెం కాసి, సిక్స్టెన్ పార భుజాన వేసుకుని బయల్దేరాడు. ఆ మీసం ఎంత గుబురంటే, అందులో పిట్టలు కాపురం పెట్టినా ఆయనకి తెలీదు.

వాగొడ్డున, నీళ్లలోకి సున్నపురాయి పొడి రాల్చే ఆ యంత్రం నిక్షేపంగా ఆగిపోయి ఉంది.

సిక్స్టెన్ పార కింద పడేసి ఆకాశం వంక చూశాడు. ఎండ చూస్తే మండిపోతోంది. సముద్రం అవతలి ఫ్యాక్టరీల గంధకపు పొగ చలికాలమంతా మంచుతో కలిసి కురిసింది. ఆ ఆమ్లపు పులుపంతా ఇవాళ ఒక్కసారే కరిగి వాగులోకి దిగుతోంది. గులకరాళ్ల కింద ట్రౌట్ చేపపిల్లలు ఇప్పుడిప్పుడే గుడ్లలోంచి బయటపడ్డాయి. ఆ పులుపుని విరిచే సున్నపురాయి పొడి పడకపోతే సాయంత్రానికి ఒక్కటీ మిగలదు. పక్క లోయలో సరస్సు అలాగే పోయింది. ఇప్పుడక్కడ నీళ్ల అడుగున సూది పడినా కనిపిస్తుంది, చేప తప్ప.

సుత్తితో యంత్రం మీది పొడి డబ్బాని బాదాడు. లోపల పొడి తేమకి గడ్డకట్టింది, కదల్లేదు. విడి బస్తాలు కోసి పారతో వాగులోకి పొయ్యడం మొదలెట్టాడు. నీళ్లు పాలల్లే తెల్లబడ్డాయి. ఊపిరి మాత్రం అందట్లేదు.

మధ్యాహ్నం గున్నెల్ రొట్టె పట్టుకొచ్చింది.

“ముందు తింటావా, ముందు మీసం తీస్తావా?”

“ఆ కర్ర తీసుకుని డబ్బాలో గడ్డ పొడు. తర్వాత వెక్కిరిద్దువు గాని.”

ఆమె మంచు వంక చూసింది. “మొన్న రాత్రి కురిసిన మంచు మీద ఇవాళ్టి అడుగులే ఉన్నాయేంటి? నిన్న రాలేదా?”

“వచ్చా.”

“ఎగిరొచ్చావా?”

సిక్స్టెన్ ఇంకో రెండు పారలు పోశాడు. “రాలేదు. అబద్ధమే. గుండెల్లో పట్టేసింది, గుమ్మం దాటలేకపోయా. తెలిస్తే ఈ పనిలోంచి తీసేస్తారు.”

గున్నెల్ ఇక నవ్వలేదు. కర్రతో పొడుస్తూ, “ఎన్నాళ్లు పోస్తావిలా?” అంది.

“అవతలోళ్లు పొగగొట్టాల్లోనే ఆ గంధకాన్ని పట్టి ఆపేదాకా. నేను పోసేది నొప్పి మాత్రే. రోగం అక్కడుంది.”

గడ్డ విరిగింది. యంత్రం దగ్గి, గింజుకుని, పొడి రాల్చింది.

“కాసేపు కూర్చుంటా. నువ్వు చూస్తుండు,” అని సిక్స్టెన్ చెట్టుకి ఆనుకున్నాడు.

గున్నెల్ చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టి ఓ రాయి ఎత్తింది. కింద కంటిరెప్ప వెంట్రుకలంత చేపపిల్లలు చెల్లాచెదురయ్యాయి.

“ఉన్నాయి సిక్స్టెన్! బతికే ఉన్నాయి!”

వెనక్కి తిరిగి చూసింది. ఆయన తల పక్కకి వాలి ఉంది. రెండోసారి పిలవడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

పొద్దువాలాక ఊళ్లోవాళ్లొచ్చి ఆయన్ని కిందికి మోసుకెళ్లారు. బండ మీద ఆయన చేతితొడుగు ఒకటి మిగిలిపోయింది. తడిసి, చలికి బిగుసుకుని, పార పట్టుకున్నట్టే వేళ్లు వంచుకుని ఉంది.