ఎర చేప మూతి

యాభై దాటినా ఇంట్లో అతను చిన్నోడే. తొందర కూడా చిన్నపిల్లాడిదే. అన్నయ్య ఎన్ని చివాట్లు పెట్టినా ఆ తొందర పోలేదు, అన్నయ్యే పోయాడు.

పోయే ముందు అన్నయ్య, గాలానికి ఎరగా కట్టే ఎర చేపనొకదాన్ని చెక్కతో చెక్కి, రంగు కూడా వేసి పెట్టాడు. దాని మూతి కింద బిగించాల్సిన ప్లాస్టిక్ రేకు మాత్రం విడిగా ఉండిపోయింది. బొటనవేలి గోరంత అద్దంలాంటి ముక్క, అన్నయ్య వేడిచేసి మధ్యలో వంచినది. ఆ వంపే ప్రాణం. అది కుదిరితే గాలం లాగినప్పుడు చెక్క చేప మునిగి, ఒళ్లు ఊపుకుంటూ ఈదుతుంది. కుదరకపోతే వెల్లకిలా తేలుతుంది.

"ఆయన చేతి వంపు ఇదొక్కటే మిగిలింది. బిగించి, ఒక్కసారి ఈదించి చూపించు చిన్నోడా" అంటూ వదిన రెండింటినీ పాత కళ్లజోడు డబ్బాలో పెట్టి ఇచ్చింది.

"అదెంత పని వదినా!" అన్నాడు. అక్కడే వచ్చింది తంటా.

రేకు మీద సన్నటి గీత కనబడింది. చిన్నోడు పాతికేళ్లుగా బోర్డుల షాపులో ప్లాస్టిక్ అక్షరాలు కోసే మనిషి. కోసిన అంచుకి కాస్త సెగ చూపిస్తే గీతలు పోయి తళతళలాడుతుంది, రోజూ చేసే పనే. వదిన ముచ్చటపడాలని వేడిగాలి ఊదే హీట్ గన్ అందుకున్నాడు. వంచిన రేకుకి మళ్లీ సెగ తగిలితే అది పాత చదును రూపానికే పోతుందన్న సంగతి ఆ క్షణాన బుర్రకెక్కలేదు. కోసిన అక్షరాల్ని ఎప్పుడు వంచాడు గనక! 'అయ్యో' అనేలోపే, కళ్లముందే, వంపు విచ్చుకుని రేకు బల్లపరుపుగా పడుకుంది.

ముందే కాగితం మీద ఆ వంపుని పెన్సిలుతో గీసి పెట్టుకుని ఉంటే సరిపోయేది. అరనిమిషం పని! ఆ అరనిమిషమే లేకపోయింది దొరగారికి. తన చెంప తానే వాయించుకోవాలనిపించింది.

మళ్లీ వేడిచేసి, బల్ల అంచుకి ఆనించి వంచాడు. "నలభై లెక్కపెట్టరా, చల్లారేదాకా వదలకు" అని ఎర చేపల రేకులు వంచడం నేర్పేటప్పుడు అన్నయ్య ఎన్నిసార్లు మొత్తుకున్నాడో! ఏనాడూ ఇరవై దాటింది లేదు. ఆసుపత్రిలో అన్నయ్య చెయ్యి పట్టుకున్నప్పుడూ అంతే. "కాసేపు ఉండరా" అన్నా వినకుండా, టీ తాగొస్తానని విడిపించుకుని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ముఖం దాకా దుప్పటి కప్పేశారు.

ఈసారి నలభై లెక్కపెట్టాడు. వేళ్లు చురుక్కుమన్నా వదల్లేదు.

రేకుని మూతి కింద బిగించి, మర్నాడు పొద్దున్న కాలవ గట్టున వదిన ముందే చేపని నీళ్లలో వేసి లాగాడు. మునిగింది, ఈదింది. కానీ ఒక పక్కకి ఒరిగి, కుంటుకుంటూ ఈదింది. ముప్పై ఏళ్లు అన్నయ్య పక్కన కూచుని ఎర చేపల్ని చూసిన మనిషి వదిన. ఆవిడ కళ్లని ఏమార్చడం ఎవరి తరం?

"ఇది ఆయన వంచింది కాదు" అంది.

"కాదు వదినా. నేనే పాడుచేశాను. మెరుపు తేవాలని సెగ పెట్టాను, వంపు కాస్తా పోయింది. మళ్లీ నేనే వంచాను."

వదిన తడి చేపని చేతిలోకి తీసుకుని, ఆ రేకుని బొటనవేలితో తడిమింది.

"ఈసారైనా చల్లారేదాకా పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను వదినా" అన్నాడు చిన్నోడు. "నలభై దాకా."