కాళ్లు కోసిన మంచం

పసిబిడ్డ కోసం మంచం కాళ్లు కోయించిన ఇల్లు మైపాడు దారిలో అదొక్కటే అయి ఉంటుంది. కోయించింది భానుప్రియ. పెళ్లికి ముందు నెల్లూరులో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. మాంటిస్సోరి పద్ధతి గురించి అక్కడే విన్నది. తర్వాత ఫోనులో అలాంటి గదులు చూసీ చూసీ, కడుపుతో ఉన్నప్పుడే తన బిడ్డకూ ఒకటి కావాలని పట్టు పట్టింది. బిడ్డ తనంతట తాను పక్క దిగాలి, కావాల్సిన బొమ్మ తానే తీసుకోవాలి, ఎవరూ అందించకూడదు.

ఆమె భర్త పెంచలకృష్ణ రొయ్యల గుంటల మీద పని చూసుకునే మనిషి. పెళ్లాం మాట కాదనడం ఆయన ఒంట్లో లేదు. తల్లి పాత టేకు మంచానికి నాలుగు వేళ్ల ఎత్తు మిగిల్చి కాళ్లు కోసేశాడు. నేలకు ఆనుకునేలా గోడకు అద్దం బిగించాడు. మంచం పక్కనే పొట్టి చెక్క అర పెట్టి అందులో గిలక్కాయ, గుడ్డ బంతి సర్దాడు.

తన మంచం గతి చూసి ఆదిశేషమ్మకు ఒళ్లు మండింది. "మన ఇళ్లల్లో మనిషిని మంచం మీదనుంచి నేలకి ఎప్పుడు దించుతారో తెలుసా మే నీకు?" అంది కోడలితో.

"అట్టాంటి మాటలు అనొద్దత్తా," అంది భానుప్రియ. ఆదిశేషమ్మ మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

బిడ్డ పుట్టాడు. లోక్షిత్ అని పేరు పెట్టుకున్నారు. తెల్లటి పక్క మీద వెల్లకిలా పడుకుని, తిరిగే ఫ్యానును కళ్లతోనే వెంబడించేవాడు. ఎవరు పలకరించినా బోసినోటితో నవ్వేవాడు. కానీ చేతులు పైకి లేచేవి కావు. కాళ్లు తన్నేవాడు కాదు. అద్దం పక్కనే ఉన్నా అటు తిరిగేవాడు కాదు.

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచాలి. పంచలేదంటే పడలేదని వీధి వీధంతటికీ తెలిసిపోతుంది. "ఏం మే, మీవోడు ఇంకా పడలేదా?" అని గుంటల మీదికి పనికి పోయే ఆడవాళ్లు సైతం కిటికీలోంచి తొంగిచూసి అడిగేవాళ్లు. ఎదురింటి పుష్పకుమారి కూతురు పడింది, బొబ్బట్లు వచ్చాయి. భానుప్రియకు అవి గొంతు దిగలేదు. మర్నాడే బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోదామని భర్తతో అనేసింది.

ఆ మర్నాడు ఆమె దొడ్లో స్నానం చేసి వచ్చేసరికి ఆదిశేషమ్మ పొయ్యి మీద శనగపప్పు పెట్టేసింది. "పడినాడు మే. అద్దం తట్టు చూసి బోర్లా పడినాడు. నా కళ్లతో చూసినా."

భానుప్రియ గడప మీదే కూలబడి ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చింది. బొబ్బట్లు తానే ఇంటింటికీ తీసుకుపోయి ఇచ్చింది. ఆసుపత్రి మాట మళ్లీ ఎత్తలేదు. వాడు తన ముందు ఎన్నడూ తిరగకపోయినా, "నాన్న పోలిక, ఒట్టి బద్ధకం," అని నవ్వుకునేది. నెలలు గడిచిపోయాయి.

పుష్పకుమారి కూతురు గోడ పట్టుకుని నడిచే నాటికి కూడా వాడు మెడ నిలపలేదు. అప్పుడు ముగ్గురూ వాణ్ని నెల్లూరు తీసుకుపోయారు. డాక్టరు చంకల కింద చేతులు వేసి ఎత్తితే, తడిగుడ్డలా జారిపోయాడు.

"బోర్లా ఎప్పుడు పడ్డాడు?"

"ఐదో నెలలోనే సార్. బొబ్బట్లు కూడా పంచినాం," అంది భానుప్రియ.

డాక్టరు తలెత్తి ఆమెకేసి చూశాడు. "పడినప్పుడు మీరు చూశారా?"

తలుపు దగ్గర నిలబడ్డ ఆదిశేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పళ్లేదు సార్. నేనే తిప్పినా," అంది.

రక్తం పరీక్షకు చెన్నై పోయి వచ్చింది. కండరాలను పుట్టుకనుంచే చచ్చుపడేసే జబ్బు. మందు ఉందట. ఎంత ముందుగా మొదలుపెడితే అంత పని చేస్తుందట. పోయిన శక్తి మాత్రం ఇక తిరిగి రాదట. మెల్లగా ఊపిరి కూడా బరువవుతుందని చెప్పి డాక్టరు ఆగిపోయాడు. ఎన్నాళ్లని వీళ్లూ అడగలేదు.

ఇంటికి వచ్చాక భానుప్రియ అత్తతో ఒక్క మాటే అంది. "నా నోట్లో బొబ్బట్టు పెట్టి నా బిడ్డ ఊపిరి తీసినావు." ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలే లేవు.

ఒక రోజు పెంచలకృష్ణ గదిలో అద్దం ఊడదీయబోయాడు. "ఉండనీ," అంది భానుప్రియ. అత్తను పిలిచింది. "ఆ రోజు ఎట్టా తిప్పినావు? చూపించు."

ఆదిశేషమ్మ మోకాళ్లు పట్టుకుని నేల మీద కూర్చుంది. ఒక చెయ్యి బిడ్డ భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి మెల్లగా తిప్పింది. బిడ్డ ముఖం పరుపులో కూరుకుపోయింది. వెంటనే గడ్డం కింద అరచెయ్యి దూర్చి పైకెత్తింది. వాడికి ఎదురుగా అద్దంలో ఇంకో బిడ్డ కనిపించాడు. లోక్షిత్ కిలకిలా నవ్వాడు.

"ఆ రోజు గూడా ఇట్టనే నవ్వినాడు మే," అంది ఆదిశేషమ్మ. "ఊళ్లో అందరూ అడుగుతుండారు, నువ్వు కూడు తినకుండా ఉండావు. ఈ నవ్వు చూసినాక ఇయ్యాలో రేపో వాడే పడతాడ్లే అనుకున్నా."

భానుప్రియ అత్త చెయ్యి తప్పించి తన చెయ్యి పెట్టింది. వాడి కళ్లు అద్దం మీదనుంచి అరలోని గిలక్కాయ మీదికి పోయాయి. జానెడు దూరం. వాడికి అది కావాలని ఆమెకు తెలుస్తూనే ఉంది. వాడి చెయ్యి మాత్రం పడిన చోటే పడి ఉంది. ఎవరూ అందించకూడదని కట్టుకున్న గదిలో ఆమె రెండో చేత్తో గిలక్కాయ తీసి వాడి గుప్పిట్లో పెట్టింది. వేళ్లు మూసుకోలేదు. గిలక్కాయ దొర్లి నేల మీద పడింది.

మళ్లీ తీసి పెట్టింది. మళ్లీ పడింది. గడ్డం కింది చెయ్యి లాగుతోంది. అది తీస్తే వాడి ముఖం పరుపులో పడిపోతుంది.

"కాసేపు నేను పట్టుకుంటా మే," అంది ఆదిశేషమ్మ.

భానుప్రియ పక్కకు జరిగి అత్తకు చోటిచ్చింది.